నీలం దారం బొంతలు

ఇలా దగ్గరికి జరుగు తల్లీ. ఇంకాస్త. నా గొంతు ఇప్పుడు ఈ గది దాటి పోదు, ఈ మాటలు దాటాల్సిన పనీ లేదు. ఆ ఫోను అవతల పెట్టు. మీ తాత సంగతి అడిగావు కదా. ఊళ్ళోవాళ్ళు చెప్పేది చాలా విన్నావు. ఇప్పుడు ఆయనతో కాపురం చేసినదాని మాట కూడా విను. ఒక్క చలికాలం గురించే చెప్తాను. ఆయన్ని తెలుసుకోడానికి అంతకంటే అక్కర్లేదు.

మా మావయ్యగారిది పరుపుల కార్ఖానా. ముందు దుకాణం, వెనక కార్ఖానా, పైన ఇల్లు. కింద దూది ఏకే మిషను తిరిగితే పైన మా వంటింట్లో గిన్నెలు గలగలమనేవి. ఆసుపత్రులకీ హాస్టళ్ళకీ పరుపులు వెళ్ళేది మా దగ్గర్నుంచే. చలికాలం వస్తే చాలు, మావయ్యగారు పేదలకు ఉచితంగా బొంతలు పంచేవారు. పేపర్లో ఫోటో పడేది. దాన్ని కత్తిరించి, అద్దం కట్టించి దుకాణం గోడకి తగిలించేవారు. గోడ నిండిపోయి ఫోటోలు మెట్లెక్కాయి. నేను కాపురానికి వెళ్ళేసరికి ఒక్కో మెట్టు పక్కన ఒక్కో ఏటి ధర్మం. అన్నిట్లోనూ ఆయన మొహం నిండుగా ఉండేది. బొంత అందుకునేవాళ్ళ మొహాలు మాత్రం అంచు దగ్గర తెగిపోయి, చేతులే మిగిలి ఉండేవి.

అమ్మే బొంతల్ని తెల్ల దారంతో కుట్టించేవారు, పంచే బొంతల్ని నీలం దారంతో. ఎందుకండీ అని అడిగితే, "తీసుకెళ్ళి బజార్లో అమ్ముకోకుండా గుర్తమ్మా. మన మంచితనాన్ని కూడా మనమే కాపాడుకోవాలి" అన్నారు. అబ్బో, ఎంత ముందుచూపు అనుకున్నాను. అమ్మే బొంతల దూది ముందు షెడ్డులో అందరి కళ్ళ ముందూ ఏకేవారు. పంచేవాటిది వెనక షెడ్డులో, తలుపు మూసుకుని. నింపేశాకే అవి కుట్టుగదికి వచ్చేవి. ఆడవాళ్ళు మూతి కుట్టేసి, పైనుంచి వరసలు వేసేవారు. నీలం దారం బొంత ఒక్కటి కూడా మెట్లెక్కి ఇంట్లోకి రాకూడదు. అది ఆ ఇంటి నియమం. "పంచడానికి పెట్టింది మనం వాడితే పుణ్యం పోతుంది" అనేవారు మా అత్తగారు. ఆ మాట అనేటప్పుడు ఆవిడ ఎప్పుడూ గోడ వైపే చూసేవారు.

ఇక మీ తాత. కుట్టుగదిలో ఆయన పేరు మైకు బాబు. ఆ పేరు పెట్టింది దబ్బనం. దబ్బనమంటే సూది కాదే పిచ్చిపిల్లా, మనిషి. కుట్టుగదికి పెద్దదిక్కు. ఆవిడ మాట గోనెసంచిలోంచి కూడా అవతలికి దిగేది, అందుకని ఆ పేరు.

అప్పటికి మీ తాతకి లోకాన్ని ఉద్ధరించే జబ్బు బాగా ముదిరింది. వ్యాపారం పాపమని, లాభం అంతకంటే పాపమని సాయంత్రాలు సభల్లో మాట్లాడేవాడు. కార్ఖానాలో కాలు పెట్టేవాడు కాదు. దూదికీ జనపనారకీ తేడా అడిగితే చెప్పలేడు. కుర్చీ మానేశానన్నాడు, నేల మీద కూర్చుని భోంచేసేవాడు. ఆ నేల చలవరాయి, వేయించింది వాళ్ళ నాన్న. మంచం కూడా మానేశాడు. కింద పరుచుకున్న పరుపు మాత్రం మా దుకాణంలో అన్నిటికన్నా మెత్తనిది. తండ్రి డబ్బు ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. ముట్టాల్సిన అవసరమేముంది, అన్నం వేడివేడిగా పళ్ళెంలోకి నడిచొస్తుంటే!

ఆ ఇంట్లో నాకు ఉన్నదల్లా ఒకటే చింత, మీ అమ్మ. అప్పుడప్పుడే మాటలు వస్తున్న పిల్ల. చలి తగిలితే చాలు, ఎద ఎగిరెగిరి పడేది. ఊపిరి లోపలికి వెళ్ళేటప్పుడు తలుపు కిర్రుమన్నట్టు చప్పుడు. డాక్టరు నా మొహంలోకి చూసి చెప్పాడు: "ఈ చలికాలం జాగ్రత్తగా దాటించండమ్మా. దుమ్ము, నూగు తగలనివ్వకండి. ఒంటి మీద వెచ్చటి శుభ్రమైన బట్ట ఉండాలి. ఈ ఏడు గట్టెక్కితే పిల్ల నిలబడుతుంది." గట్టెక్కకపోతే ఏమిటో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

ఉన్ని కొని, పగలంతా కూర్చుని పిల్లకి స్వెట్టరు అల్లాను. ఓ సాయంత్రం మీ తాత పిల్లనెత్తుకుని సభకి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి పిల్ల ఒంటి మీద పల్చటి గౌను తప్ప ఇంకేం లేదు. పెదాలు నీలంగా ఉన్నాయి.

"స్వెట్టరేదండీ?"

"ఇచ్చేశాను" అన్నాడు, మొహం వెలిగిపోతుంటే. "సభలో ఓ పసిబిడ్డ వణుకుతుంటే మన పిల్లది విప్పి తొడిగాను. జనం కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు తెలుసా!"

"మరి మన పిల్ల వణకలేదా?"

"నీకు నీ పిల్లే కనబడుతుంది. నాకు పిల్లలందరూ ఒకటే."

"ఒకటేనా? అయితే మీ శాలువా ఇవ్వాల్సింది. మీకూ ఆ బిడ్డకీ మాత్రం తేడా ఎందుకు?"

ఆయన నా వైపు జాలిగా చూశాడు. చదువురాని పెళ్ళాన్ని భరించడం కూడా త్యాగాల్లో ఒకటిగా లెక్కేసుకునేవాడు లే. నేను పిల్లని గుండెకి హత్తుకుని వీపు రుద్దుతూ కూర్చున్నాను. మావయ్యగారు గుమ్మంలోంచి విని, "పోనీలే అమ్మాయ్, వాడు నా కొడుకు కదా, చెయ్యి పెద్దది" అన్నారు మురిసిపోతూ. తండ్రీకొడుకులిద్దరికీ ఒకరంటే ఒకరికి పడేది కాదని అందరూ అనుకునేవారు. నాకైతే ఒకే గుడ్డలోంచి చింపిన రెండు ముక్కల్లా కనబడేవారు.

ఆ ఏడు బొంతల పంపకం మునిసిపాలిటీ మైదానంలో. ఎప్పుడూ తండ్రి పంచుతుంటే వెక్కిరించే కొడుకు ఈసారి తనూ వస్తానన్నాడు. మావయ్యగారు ఉబ్బిపోయారు. రైలు వంతెన కిందివాళ్ళు, బస్టాండు అరుగుల మీదివాళ్ళు, వెనక వీధి గుడిసెలవాళ్ళు, అందరూ వరసగా నిలబడ్డారు. సగం బొంతలు పంచాక మీ తాత మైకు లాక్కున్నాడు.

"ఇచ్చేవాడు మెత్తగా పడుకుని, పుచ్చుకునేవాడు ఇది కప్పుకోవడం ధర్మం కాదు! ఈ చలికాలమంతా నేనూ, నా భార్యా, నా బిడ్డా మీరు కప్పుకునే ఈ బొంతే కప్పుకుంటాం!"

చప్పట్లు మైదానం దాటి వినబడ్డాయట. అలా అనేసి, గుట్టలోంచి ఓ నీలం దారం బొంత తీసి భుజాన వేసుకున్నాడు. ఆ ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి, ఆ దారం ఎందుకో ఒక్కనాడూ అడగలేదు. కార్ఖానా గడప తొక్కి ఉంటే అంత తెలివితక్కువ పని చేసేవాడు కాదు.

మధ్యాహ్నం అందరూ కలిసి ఇంటికొచ్చారు, పేపరు ఫోటోగ్రాఫరుతో సహా. కుటుంబమంతా పేదల బొంత కప్పుకున్న ఫోటో కావాలన్నాడతను. పిల్ల అప్పుడు నిద్రపోతోంది. మీ తాత పిల్ల పక్కన ఒరిగాడు. "రావే, నువ్వూ కూర్చో" అన్నాడు. నేను తలుపు దగ్గరే ఉండిపోయాను. ఫోటోలంటే నాకు మొహమాటం. మావయ్యగారు చేతులు కట్టుకుని పరుపు అవతల నిలబడ్డారు. మొహంలో నవ్వు ఉంది గానీ అది ఎవరో బయటినుంచి అతికించినట్టుంది. మా అత్తగారు గోడ వైపు తిరిగారు.

మీ తాత బొంత దులిపి, పిల్ల మెడ దాకా కప్పాడు.

మావయ్యగారు ఒక్క అంగలో వచ్చి దాన్ని లాగేశారు.

"పిల్ల మీద వద్దు."

"ఏం సార్?" అన్నాడు ఫోటోగ్రాఫరు.

"పిల్లకి... కొత్త బట్ట పడదు. అబ్బాయి మీద తియ్యి, చాలు."

మీ తాతకేం అర్థం కాలేదు. తలకింద చెయ్యి పెట్టుకుని, కళ్ళు సగం మూసి, ఫోటోకి పడుకున్నాడు. నేను మావయ్యగారి చేతులు చూస్తున్నాను. ఆ బొంత లాగిన చేతుల్ని ఆయన పంచెకేసి తుడుచుకుంటున్నారు.

అందరూ కిందికి దిగాక బొంతని పెరటి వరండాలోకి లాక్కెళ్ళాను. కత్తెరతో ఓ వరస కోశాను. నీలం దారం గట్టిదే, ఆ పనిలో లోపం లేదు. లోపల దూది ముద్దలు ముద్దలుగా, పసుపుపచ్చగా ఉంది. వేళ్ళు పెట్టి లాగితే పొడుగ్గా కట్టుగుడ్డ ముక్క వచ్చింది, దాని మీద తుప్పు రంగు మరక. ఇంకొంచెం లాగితే ఇంకో ముక్క, దానికి అతుక్కున్న ప్లాస్టరు, ప్లాస్టరుకి ఎవరివో రెండు వెంట్రుకలు. మందుల వాసన, దాని కింద ఇంకేదో వాసన. ఆసుపత్రికి పరుపులు పంపిన బండి ఖాళీగా ఎందుకు తిరిగి రాదో అప్పుడు తెలిసింది. పుండ్లు తుడిచి పారేసిన దూదిని బస్తాలకెత్తుకుని వచ్చేది.

చేతులు మోచేతుల దాకా కడుక్కుని పిల్ల దగ్గరికి పరిగెత్తాను. ఊపిరి అలాగే ఉంది, కిర్రుమంటూ. కానీ ఉంది.

మీ తాతని పిలిచి చూపించాను. చూశాడు. మొహం సున్నం కొట్టినట్టయింది. కాలవ దగ్గరికెళ్ళి వాంతి చేసుకున్నాడు. ఆ ఒక్క క్షణం, తల్లీ, నాకాయన మీద ప్రేమ కలిగింది. మనిషి లోపల మనిషి ఉన్నాడనుకున్నాను.

కిందికెళ్ళి తండ్రిని నిలదీశాడు. మెట్ల మీద కూర్చుని అంతా విన్నాను.

"ఇది చెత్త నాన్నా! రోగాల చెత్త!"

"ఎండబెట్టించాను. ఏకించాను. మందు చల్లించాను. ఇంకేం కావాల్రా? చలికి బిగుసుకు చచ్చేకంటే నయం కాదూ?"

"మరి పిల్ల మీంచి ఎందుకు లాగావ్?"

దుకాణంలోకి ఎవరో వస్తే, "రండి రండి, పరుపా, దిండా?" అన్నారు మావయ్యగారు.

"రేపు సభలో చెప్తాను. అందరి ముందూ చెప్తాను" అని అరిచి పైకొచ్చాడు మీ తాత. భోజనం చెయ్యనన్నాడు. వాళ్ళమ్మ పాలు తెచ్చి పెడితే, అన్నం కాదు కదా అని తాగాడు.

మర్నాడు సభకి నేనూ వెళ్ళాను, పిల్లని నిండా చుట్టుకుని. దబ్బనం నా పక్కన నిలబడింది. పొద్దున్న ఆవిడకి అంతా చెప్పేశాను. "వాసన వస్తోందని ఓసారి అడిగానమ్మా. పని కావాలా, ప్రశ్న కావాలా అన్నారు పెద్దాయన. పనే కావాలన్నాను" అంది, తల దించుకుని.

తండ్రీకొడుకులిద్దరూ వేదిక మీద పక్కపక్కనే కూర్చున్నారు. పొద్దున్నే ఇద్దరూ తలుపేసుకుని చాలాసేపు మాట్లాడుకున్నారు మరి.

మీ తాత మైకు ముందుకొచ్చాడు. అంతరాత్మ అన్నాడు, ప్రక్షాళన అన్నాడు, ఇంకా నాకు నోరు తిరగని మాటలు చాలా అన్నాడు. చివరికి, "ఇవాళ్టినుంచి మన సేవాసంఘం స్వచ్ఛమైన దూదితో మాత్రమే బొంతలు చేయిస్తుంది! అధ్యక్షుడిగా ఇది నా మొదటి ప్రతిజ్ఞ!" అన్నాడు. బొంతలు పంచే ఆ సంఘం మావయ్యగారిదే, దాని కుర్చీ ఆ పొద్దున్నే కొడుక్కి ఇచ్చేశారు. జనం చప్పట్లు కొట్టారు. నిన్నటిదాకా ఏ దూదితో చేయించారని ఒక్కడూ అడగలేదు.

"అయిపోయిందా?" అంది దబ్బనం.

"అయిపోయింది" అన్నాను.

"ఇంత చిన్నదానికి మైకెందుకమ్మా, చెవిలో చెప్పినా సరిపోయేది."

ఇంటికొచ్చాక అడిగాను. "ఇకముందు సంగతి సరేనండీ. నిన్న ఇచ్చినవి? జనం ఇవాళ కూడా అవే కప్పుకుంటారు కదా?"

"వెనక్కి అడిగితే ఎందుకని అడుగుతారు. సంఘం పేరు పోతుంది. పేరు పోతే రేపు మంచి చెయ్యడానికి మనల్ని నమ్మేదెవరు? నువ్వు పెద్ద దృష్టితో చూడాలి."

"మీ పెద్ద దృష్టికి చిన్నవాళ్ళెవరూ ఆనరా?"

"లోపలుండే మార్చాలి. బయటికెళ్ళి అరిస్తే ఏం వస్తుంది?" అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు: "మన పిల్లకైతే ఏం కాలేదు కదా."

పిల్లలందరూ ఒకటే అన్న నోరే అది. నాకు కోపం కూడా రాలేదు. చెప్పుకి అంటిన దాన్ని చూసినట్టు చూసి, లోపలికెళ్ళిపోయాను.

మర్నాడు ఇంట్లో ఉన్న తెల్ల దారం బొంతలన్నీ మూట కడుతుంటే మా అత్తగారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. అడ్డం పడతారనుకున్నాను. తన మంచం మీది బొంత తెచ్చి మూట మీద పడేశారు. ఒక్క క్షణం ఆలోచించి వెనక్కి వెళ్ళి, ఇంకోటి తెచ్చారు.

"ఇది మీ మావయ్యది. తీసుకెళ్ళు. చలంటే ఎలా ఉంటుందో చూడనీ."

ఆవిడ గోడ వైపు చూడకుండా నాతో మాట్లాడింది ఆ ఒక్కసారే.

పిల్లని దబ్బనం కూతురి దగ్గర ఉంచి, దబ్బనం, నేనూ రిక్షాలో మూటలేసుకుని వంతెన కిందికి వెళ్ళాం. ఇది ఇచ్చి అది తీసుకోవాలని మా లెక్క. మొదటి ముసలావిడే బొంత మీద కూర్చుని లేవనంది.

"ఎవరు నువ్వు?"

"మొన్న ఇచ్చారే, ఆ మైకాయన పెళ్ళాన్ని."

"ఆయన ఇచ్చి ఫోటో తీయించుకున్నాడు. నువ్వు లాక్కుపోయి తీయించుకుంటావా?"

"అవ్వా, అందులో పుండ్లు తుడిచిన దూది ఉంది. మావాళ్ళే పెట్టారు. అది ఇచ్చేసి ఇది కప్పుకో."

ముసలావిడ నన్ను ఎగాదిగా చూసింది. "మాకు ముక్కుల్లేవనుకున్నావా తల్లీ? చలి ముందు వాసనేంటి" అని లేచింది. పక్కన ఓ పడుచుపిల్ల తన బిడ్డని బోర్లా తిప్పి, చొక్కా పైకెత్తి చూపించింది. పోయినేటి బొంతే ఇప్పటికీ కప్పుతోందట. ఆ వీపు నేను చెప్పను. నువ్వు భోంచెయ్యాలి ఇంకా.

ఇంట్లోవి అయిపోయాక దుకాణంలోవి పట్టుకెళ్ళాం. నాలుగు రోజులకి మావయ్యగారు గోదాముకి తాళం వేశారు. బస్టాండు అరుగుల మీదివాళ్ళు కొందరు అప్పటికే ఎటో వెళ్ళిపోయారు, నీలం దారం కప్పుకునే. వాళ్ళని మళ్ళీ చూడలేదు.

"అమ్మాయ్" అన్నారు మావయ్యగారు తాళంచెవి నడుముకి దోపుకుంటూ, "నా సొమ్ము అంత కంపైతే, నా ఇంట్లో అన్నం నీకు ఎలా దిగుతోంది?"

ఆ ఒక్కమాట మాత్రం న్యాయమైనది. "నేనూ అదే అనుకుంటున్నానండీ" అన్నాను. పిల్లనెత్తుకుని మెట్లు దిగాను. మీ తాత నేల మీద కూర్చుని ప్రసంగం రాసుకుంటున్నాడు. "ఆవేశపడకు. పిల్లకి చలి" అన్నాడు, లేవకుండానే.

దబ్బనం ఇంట్లో వంటింటి పక్క గది. పడుకుంటే కాళ్ళు గోడకి తగిలేవి. ఇద్దరం మంచి దూది కొద్దికొద్దిగా తెచ్చుకుని, తెల్ల దారంతో బొంతలు కుట్టి అమ్ముకునేవాళ్ళం. నూగు తగలకూడదని దూది పని పెరట్లో, పిల్ల పొయ్యి పక్క గదిలో. రోజూ చెవి దాని వీపుకి ఆనించి వినేదాన్ని. కిర్రు కాస్త కాస్త సన్నబడుతూ వచ్చింది. ఓ రోజు పొద్దున్న విన్నాను, ఏం వినబడలేదు. భయమేసి ఇటు తిప్పాను. నా మొహంలోకి నవ్వింది. డాక్టరు దగ్గరికి తీసుకెళితే, "గట్టెక్కిందమ్మా" అన్నాడు.

చలి వెనకబడుతున్న రోజుల్లో సేవాసంఘంవాళ్ళు మా వీధికొచ్చారు, స్వచ్ఛమైన దూది బొంతలు పంచడానికి. ముందు మీ తాత, మెడలో దండ. వెనక కుర్రాళ్ళు, అప్పటి ఫోటోగ్రాఫరు. ఇల్లిల్లూ తలుపు కొడుతూ వస్తున్నారు. మా తలుపూ కొట్టారు. తీశాను. ఆయన చూడకుండానే నవ్వి, బొంత నా చేతికి అందించబోయాడు. తర్వాత చూశాడు.

"మాకున్నాయండీ, పక్కింటికి ఇవ్వండి" అన్నాను.

ఫోటోగ్రాఫరు నన్ను గుర్తుపట్టి కెమెరా దించేశాడు. అప్పుడే మీ అమ్మ నా కాళ్ళ మధ్యలోంచి తల బయటపెట్టి, చేతులు చాపి, "నాన్నా!" అంది.

కుర్రాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మీ తాత వంగి, మీ అమ్మ తల నిమిరాడు, ఏ పేదపిల్ల తలైనా నిమిరినట్టు. లేచి వాళ్ళతో అన్నాడు:

"చూశారా, ఎక్కడికెళ్ళినా పిల్లలందరూ నన్ను నాన్నా అనే పిలుస్తారు."

పక్కింటి తలుపు కొట్టాడు.

అంతే తల్లీ. ఆ తర్వాత ఆయనకి ఎన్ని దండలు పడ్డాయో నాకు తెలియదు. ఇది గుర్తుపెట్టుకో. రేపు నీకు పిల్లలు పుడితే వాళ్ళకి చెప్పు, మీ అమ్మకి చెప్పే ధైర్యం ఉంటే మీ అమ్మకీ చెప్పు. నాన్నా అని పిలిస్తే ఆయన పలకలేదన్న సంగతి దానికి గుర్తులేదు, నేనింతవరకూ చెప్పలేదు. ఎవరికి చెప్పినా ఉన్నదున్నట్టు చెప్పు, మావయ్యగారు పంచెకి చేతులు తుడుచుకున్నదీ, వీపు చూపించిన ఆ పడుచుపిల్లదీ వదలకు. ఒక్కటి మాత్రం చెయ్యకు. నన్ను మహాతల్లిని చెయ్యకు. చేశావంటే, ఎవరో ఒకరు నా ముందు కూడా మైకు పెట్టేస్తారు.